కోడికూతలో రెండే ‘క్ష’లు

కాజీపేటల, లోకోషెడ్డు సైరన్ వినొచ్చే దూరంల
రేకుల కప్పు కింద ఒక తొక్కుడు మిషను.
తొక్కేది మా పెదనాయన కొలిపాక జోజప్ప.
అచ్చులు పేర్చేది నేను.
నెలకు ఎనిమిది పేజీలు. పేరు కోడికూత.
“రాయప్ప మూడుసార్లు ఎరుగనన్నంక కూసింది గదా,
ఆ కోడి” అన్నడు రిజిస్ట్రేషన్ ఆఫీసుల.
గుమాస్తా పశుపోషణ పత్రిక అని రాసుకున్నడు.

మేత్రాసనం పైసలు లేవు, ఏ పార్టీ పైసలూ లేవు.
ఇంజన్ల బొగ్గేసి రిటైరైన పైసలు,
ఆరోగ్యమ్మ రెండు బర్రెల పాల పైసలు.
చందాలు నూట నలభై:
జనగామ, డోర్నకల్, ఓదెల,
బొగ్గుబాయిల దగ్గర ఇద్దరు,
ఒకటి జైలు లైబ్రరీకి. ఎవరు కట్టేటోళ్లో ఇప్పటికీ తెల్వదు.

పూజ తెలుగుల మొదలై అప్పటికి కొన్నేండ్లే.
స్వామి జనం దిక్కు తిరిగిండు.
ఇస్పిరితు సాంతు పవిత్రాత్మ అయిండు.
అర్చ్యశిష్టులు పునీతులైన్రు.
పోయిన ఒక్కో మాటకు ఒక్కో సంపాదకీయం
దినం చేసినట్టు రాసిండు.
నాకు కోపమొచ్చింది.
దేవుడు మన భాషల మాట్లాడితే నీకేం నష్టమన్న,
చేతుల మసి తుడుసుకుంట.

మిషను ఆపిండు.
“లాటిన్ల మోకరించినప్పుడు
దొరకూ తెల్వదు, నాకూ తెల్వదు.
ఇద్దరం ఒక్క తీరుగనే తప్పు పలికేటోళ్లం.
తెలుగు మొదలైన ఆదివారమే
నా యాస విని
ముందు బెంచీ ఆమె వెనక్కి తిరిగి చూసింది.”

ఎమర్జెన్సీల హన్మకొండ నుంచి ఆఫీసరొచ్చిండు.
పాతెర్ నోస్తెర్ కింద ఎర్రగీత కొట్టి
ఇది ఎవరికి సంకేతమన్నడు.
తండ్రికి సార్.
ఏ తండ్రి? అడ్రసు?
పరలోకమన్నడు జోజప్ప. ఆయన రాసుకున్నడు.
ఆ నెల రెండో పేజీ తెల్లగ వచ్చింది.
మెచ్చుకుంట ఏడు ఉత్తరాలు.

తపస్సుకాలంల ఒక ఆదివారం
పీఠం దగ్గర నిలబడి చదివిన్రు:
విశ్వాసులు ఈ పత్రిక కొనొద్దు.
పెదనాయన లేచి పోలె.
వరుసల నిలబడి, మోకరించి, సత్ప్రసాదం తీసుకున్నడు.
ఇంటికొచ్చి ఆ ప్రకటన మొత్తం
మొదటి పేజీల వేసిండు,
ఒక్క అచ్చుతప్పు లేకుంట.

పత్రికను మింగింది మాత్రం డప్పు.
కొత్త స్వామి మంచోడే. పీఠం ముందట
డప్పు కొట్టించిండు, మన సంస్కృతని.
పెదనాయన రాసింది నాకింకా కంఠతా:
“పీనుగ ముందట, దొర పెండ్లి ముందట
మా నాయన కొట్టిన డప్పు ఇది.
దీన్ని ఊరి బయట దించి నేను గుడికొచ్చిన.
మీరు పూలు కట్టి నా వెనకనే మోసుకొచ్చిన్రు.”
కోపమొచ్చింది మా పిల్లలకే, మా వాడోళ్లకే.
అది మా ఇజ్జత్ అన్నరు.
వాళ్లది తప్పు కాదు.
ఆ ముక్క ఆయన రాయలె, నేను పేర్చలె.
చందాలు అరవై. ముప్పై. పదకొండు.

ఒక సంగతి ఎవ్వరికి చెప్పలె.
మా అచ్చుల పెట్టెల ‘క్ష’లు రెండే ఉండె.
శిక్ష, రక్షణ, మోక్షం, సాక్ష్యం
అన్నీ ఆ రెండింటి మీదనే నడవాలె.
శిక్షకొకటి, రక్షణకొకటి పోతే
క్షమకు మిగిలేది కాదు.
మన్నింపు అని పెట్టనా అంటే
వచ్చే నెల చూద్దామనేటోడు.

తొంభై మూడుల సీసమంతా తూకానికి పోయింది.
ఆ రెండూ కొంగుకు కట్టుకున్న.
ఒకదాని కాలు విరిగింది.

పెదనాయన పోయిననాడు
పిల్లలు డప్పులు కాపుకొని వచ్చి
కొట్టాల్నా వద్దా అని నా దిక్కు చూసిన్రు.
నాకు లాటిన్ రాదు.
వచ్చిన నాలుగు ముక్కలు అన్న, తప్పుగనే.
డప్పులు చేతులల్లనే సల్లారుతున్నయి.
వెనక నుంచి ఎవడో పిల్లగాడు
ఇంకింత తప్పుగ అందుకున్నడు.